కూలెంట్ మారితే రియాక్టివిటీ ఎందుకు మారుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

అణు రియాక్టర్‌లో కూలెంట్ పని వేడిని మోసుకుపోవడం అని అందరికీ తెలుసు. కానీ అదే కూలెంట్ వేడెక్కినా, చల్లబడినా, మరిగినా, దానిలో కలిపిన, న్యూట్రాన్లను మింగే బోరాన్ పలచబడినా గొలుసు చర్య వేగం కూడా మారిపోతుంది. ఈ పేజీలోని ప్రశ్నలన్నీ ఆ రెండో సంగతి గురించే. ఇక్కడి అంకెలు ఆయా రకం రియాక్టర్లలో మామూలుగా కనిపించే స్థాయివి. ఇంధనాన్ని బట్టి, అది ఎంత కాలిందన్నదాన్ని బట్టి అవి అటూ ఇటూ అవుతాయి. విషయం అర్థం చేసుకోవడానికి వాడుకోండి. ఏ స్టేషన్ నిబంధనలకూ ఇవి బదులు కావు.

రియాక్టివిటీని దేనితో కొలుస్తారు?

ఒక తరం న్యూట్రాన్ల సంఖ్యను అంతకుముందు తరం సంఖ్యతో భాగిస్తే వచ్చేది కె. అది సరిగ్గా 1 అయితే రియాక్టర్ క్రిటికల్, పవర్ నిలకడగా ఉంటుంది. కె నుంచి 1 తీసేసి, వచ్చినదాన్ని కె తో భాగిస్తే రియాక్టివిటీ. ఇది చాలా చిన్న అంకె కాబట్టి లక్షో వంతును ఒక పీసీఎం అంటారు. కె 1.001 అయితే రియాక్టివిటీ దాదాపు 100 పీసీఎం. భారజల (మామూలు హైడ్రోజన్ బదులు డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్ ఉన్న నీటి) రియాక్టర్లలో పనిచేసేవాళ్లు మిల్లీ-కె లో మాట్లాడతారు; ఒక మిల్లీ-కె అంటే 100 పీసీఎం.

న్యూట్రాన్ల వేగం తగ్గించకుండానే నడిచే ఫాస్ట్ రియాక్టర్ల వాళ్ల కొలమానం డాలర్. విచ్ఛిత్తి జరిగిన కాసేపటికి గానీ వెలువడని ఆలస్యపు న్యూట్రాన్ల వాటా ఎంతో, ఒక డాలర్ అంత. యురేనియం-235 విషయంలో అది సుమారు 650 పీసీఎం, ప్లుటోనియం-239 కి సుమారు 210 మాత్రమే. రియాక్టివిటీ ఒక డాలర్ దాటిందంటే గొలుసు చర్య ఆలస్యపు న్యూట్రాన్ల కోసం ఆగదు, న్యూట్రాన్లను మింగే నియంత్రణ కడ్డీలను (కింద వట్టి కడ్డీలు అంటే ఇవే) దించే ఏ యంత్రమూ అందుకోలేనంత వేగంగా పవర్ పెరుగుతుంది. కింద వచ్చే ప్రతి అంకెనూ ఈ 650 పక్కన పెట్టి చూడండి, దాని బరువు తెలుస్తుంది.

వేడిని తీసుకుపోయే ద్రవానికి గొలుసు చర్యతో ఏం పని?

కోర్‌లో, అంటే ఇంధనం ఉండి గొలుసు చర్య జరిగే చోట, ఉన్న ఏ పదార్థమైనా న్యూట్రాన్ల దారిలో ఉన్నట్టే. కూలెంట్ న్యూట్రాన్లను ఢీకొట్టి వాటి వేగం తగ్గిస్తుంది. కొన్నిటిని మింగేస్తుంది. బయటికి పారిపోబోయేవాటిని కొంత వెనక్కి మళ్లిస్తుంది. వేడెక్కి సాంద్రత తగ్గినప్పుడు ఈ మూడు పనులూ ఒకేసారి తగ్గుతాయి. వేగం తగ్గిన న్యూట్రాన్లతో నడిచే థర్మల్ రియాక్టర్‌లో వేగం తగ్గించే పని సన్నగిల్లితే సాధారణంగా రియాక్టివిటీ పడిపోతుంది. మింగడం తగ్గితే పెరుగుతుంది. పారిపోయేవి ఎక్కువైతే మళ్లీ పడిపోతుంది.

మొత్తం మీద ఏది గెలుస్తుందో కూలెంట్ పేరు చూసి చెప్పలేం. అదే మామూలు నీరు ఒక రియాక్టర్‌లో మరిగితే గొలుసు చర్య ఆగిపోతుంది, ఇంకోదానిలో మరిగితే చెలరేగుతుంది. కాబట్టి ఏ డిజైన్ ముందుకొచ్చినా మొదట అడగాల్సింది ఇది: కూలెంట్ లేకుండా పోతే, న్యూట్రాన్ల వేగం తగ్గించడానికి ఈ కోర్‌లో ఇంకేదైనా ఉందా?

వేగం తగ్గించడం ఎందుకంత ముఖ్యం?

విచ్ఛిత్తిలో పుట్టిన న్యూట్రాన్ సగటు శక్తి దాదాపు 20 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. యురేనియం-235 దాన్ని బాగా పట్టుకోవాలంటే అది 0.025 ఎలక్ట్రాన్ వోల్టు దగ్గరికి దిగిరావాలి. ఈ దిగే దారిలో యురేనియం-238 కాచుకుని ఉంటుంది. కొన్ని ప్రత్యేక శక్తుల దగ్గర, ముఖ్యంగా 6.67 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, అది న్యూట్రాన్లను విపరీతంగా మింగుతుంది. వీటిని రెజొనెన్సులు అంటారు. ఇంధనానికి దూరంగా, పెద్ద పెద్ద అంగలతో దిగిపోయిన న్యూట్రాన్ ఈ వల తప్పించుకుంటుంది.

హైడ్రోజన్‌తో సగటున 18 ఢీలు చాలు, డ్యుటీరియంతో 25 దాకా, గ్రాఫైట్‌లోని కార్బన్‌తో 115 దాకా కావాలి. అయితే హైడ్రోజన్ మింగుతుంది కూడా: దాని శోషణ వైశాల్యం (న్యూట్రాన్‌ను మింగే అవకాశానికి కొలత, బార్న్‌లలో చెబుతారు) 0.33 బార్న్, డ్యుటీరియానిది 0.0005 బార్న్. మామూలు నీరు వేగం తగ్గించడంలో దిట్ట, అదే సమయంలో న్యూట్రాన్లను తినేది కూడా. ఈ రెండు ముఖాలూ గుర్తుంటే మిగతా పేజీ అంతా తేలికే.

పీడన నీటి రియాక్టర్‌లో నీరు వేడెక్కితే పవర్ ఎందుకు తగ్గుతుంది?

ఇక్కడ వేగం తగ్గించేదీ, చల్లబరిచేదీ ఒకే నీరు. పీడనం సుమారు 155 బార్. నీరు 290 డిగ్రీల సెల్సియస్ దగ్గర కోర్‌లోకి వచ్చి 325 దగ్గర బయటికి వెళ్తుంది. గది ఉష్ణోగ్రతలో ఘనమీటరుకు 1000 కిలోలు తూగే నీరు 300 డిగ్రీల దగ్గర 725 కిలోలకు దిగుతుంది. ఆ ప్రాంతంలో ప్రతి డిగ్రీకి సాంద్రత 0.3 శాతం తగ్గుతుంది. ఇంధన కడ్డీల మధ్య ఖాళీని కావాలనే కాస్త బిగుతుగా ఉంచుతారు, అంటే నీరు ఉండాల్సిన దానికన్నా కొద్దిగా తక్కువే ఉంటుంది. అందువల్ల నీరు ఇంకా పలచబడితే వేగం తగ్గని న్యూట్రాన్లు పెరిగి, యురేనియం-238 వలలో పడేవి ఎక్కువై, రియాక్టివిటీ పడిపోతుంది. డిగ్రీకి ఎంత మారుతుందో చెప్పే అంకె మోడరేటర్ ఉష్ణోగ్రతా గుణకం; మోడరేటర్ అంటే న్యూట్రాన్ల వేగం తగ్గించే పదార్థం.

దీని ఫలితం కంట్రోల్ రూమ్‌లో ఇలా కనిపిస్తుంది. టర్బైన్ ఎక్కువ ఆవిరి లాగితే ఆవిరి జనరేటర్ నుంచి తిరిగొచ్చే నీరు చల్లబడుతుంది, కోర్‌లో సాంద్రత పెరుగుతుంది, పవర్ ఎక్కుతుంది. అలా ఎక్కిన పవర్ నీటిని, ఇంధనాన్ని వేడి చేసి కొత్త స్థాయిలో కుదురుకుంటుంది. కడ్డీలు ముట్టుకోకుండానే రియాక్టర్ టర్బైన్‌ను అనుసరిస్తుంది.

చల్లగా ఉన్నప్పుడు ఈ గుణకం బలహీనం. 50 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత డిగ్రీకి 0.05 శాతం కూడా మారదు.

నీటిలో కలిపే బోరాన్ ఈ లెక్కను ఎలా మారుస్తుంది?

అందరూ తడబడేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చూద్దాం.

కొత్త ఇంధనంలో ఉన్న అదనపు రియాక్టివిటీని అణచడానికి కూలెంట్‌లో బోరిక్ ఆమ్లం కలుపుతారు. సహజ బోరాన్‌లో దాదాపు 20 శాతం ఉండే బోరాన్-10 కి థర్మల్ న్యూట్రాన్ల శోషణ వైశాల్యం 3840 బార్న్‌లు. సైకిల్ (ఒకసారి ఇంధనం వేశాక మళ్లీ వేసేదాకా నడిచే కాలం) మొదట్లో పదిలక్షల భాగాలకు 1200 నుంచి 1500 భాగాల బోరాన్ ఉంటుంది. వాడుకలో దీన్ని పీపీఎం అంటారు. ఇంధనం కాలేకొద్దీ దాన్ని తగ్గించుకుంటూ సైకిల్ చివరికి సున్నా దగ్గరికి తెస్తారు. ఒక పీపీఎం విలువ 7 నుంచి 10 పీసీఎం.

ఇప్పుడు నీరు ఒక డిగ్రీ వేడెక్కిందనుకోండి. 0.3 శాతం నీరు కోర్ నుంచి బయటికి జరిగింది. దానితోపాటే 0.3 శాతం బోరాన్ కూడా జరిగింది. 1500 పీపీఎంలో 0.3 శాతం అంటే 4.5 పీపీఎం తీసేసినట్టు. పీపీఎంకు 7 చొప్పున +31 పీసీఎం. నీరు పలచబడినందుకు −40 పీసీఎం వస్తోందనుకుంటే, చేతిలో మిగిలింది −9 మాత్రమే. సైకిల్ చివర బోరాన్ లేదు కాబట్టి ఆ +31 లేదు. ఇంధనం కాలడం వల్ల వచ్చే మార్పులు కూడా కలిసి గుణకం −60, −70 దాకా పోతుంది. ఒకే రియాక్టర్, ఒకే నీరు, ఏడాదిన్నర తేడాలో గుణకం ఏడెనిమిది రెట్లు.

బోరాన్ ఇంకా ఎక్కువైతే గుణకం ధనాత్మకం అయిపోతుంది. అందుకే కోర్ డిజైన్ చేసేవాళ్లు అదనపు రియాక్టివిటీ భారమంతా బోరాన్ మీద వేయరు. గాడోలినియం లాంటి శోషకాలను ఇంధనంలోనే కలిపి బోరాన్ అవసరం తగ్గిస్తారు. సైకిల్‌ను పొడిగించాలని ఇంధనంలో యురేనియం-235 పాళ్లు పెంచిన ప్రతిసారీ ఈ పరిమితి ఎదురొస్తుంది.

గుణకం ఎంత రుణాత్మకంగా ఉంటే అంత మంచిదా?

కాదు. ఇది చాలామందిలో ఉన్న అపోహ. వేడెక్కితే రియాక్టివిటీ తగ్గించే గుణకం, చల్లబడితే అంతే బలంగా పెంచుతుంది. సైకిల్ చివర, గుణకం −60 ఉన్నప్పుడు ఆవిరి పైపు పగిలిందనుకోండి. ఆవిరి జనరేటర్ ఒక్కసారిగా ఖాళీ అవుతూ ప్రాథమిక నీటి నుంచి వేడిని లాగేస్తుంది. 30 డిగ్రీలు చల్లబడితే 1800 పీసీఎం చేరుతుంది, అంటే మూడు డాలర్లకు దగ్గర. కడ్డీలు పడిపోయిన తర్వాత కూడా రియాక్టర్ మళ్లీ క్రిటికల్ అయ్యే అవకాశం ఉంది. అందుకే షట్‌డౌన్ మార్జిన్ (ఆగిన రియాక్టర్ క్రిటికల్ స్థితికి ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె) లెక్కించేటప్పుడు అత్యంత బలమైన ఒక కడ్డీ పైనే ఇరుక్కుపోయిందని అనుకుని మరీ లెక్కిస్తారు. అత్యవసర నీటిలో బోరాన్ ఉండేది కూడా ఇందుకే.

బోరాన్ పొరపాటున పలచబడితే?

నెమ్మదిగా పలచబడితే లెక్క సులభం. ప్రాథమిక వలయంలో (కోర్‌కూ ఆవిరి జనరేటర్‌కూ మధ్య తిరిగే నీటి దారి) 250 టన్నుల నీరు, 1000 పీపీఎం బోరాన్ ఉన్నాయనుకుందాం. గంటకు 10 టన్నుల శుద్ధ జలం వెళ్తూ, అంతే నీరు బయటికి వస్తుంటే గంటకు 40 పీపీఎం తగ్గుతుంది. పీపీఎంకు 8 చొప్పున గంటకు 320 పీసీఎం. ఆపరేటర్ గమనించి ఆపడానికి సమయం ఉంటుంది. బోరాన్ ఎంత ఎక్కువ ఉంటే అదే ప్రవాహంతో అంత వేగంగా తగ్గుతుందని మరవకండి. 2000 పీపీఎం ఉన్న షట్‌డౌన్ స్థితిలో ఇదే ప్రవాహం గంటకు 80 పీపీఎం తగ్గిస్తుంది. వలయంలో నీటి మట్టం దించి ఉంటే కలిసే నీరు తక్కువ కాబట్టి ఇంకా వేగం.

అసలు భయం వేరే చోట ఉంది. పంపులు ఆగి ఉన్నప్పుడు శుద్ధ జలం వలయంలో ఒక మూల చేరి, కలవకుండా అలాగే ఉండిపోవచ్చు. తర్వాత ఎవరో పంపు స్టార్ట్ చేస్తారు. ఆ నీటి ముద్ద మొత్తంగా కోర్‌లోకి దూసుకొస్తుంది. దీన్ని శాంపిల్ పట్టించదు, ఎందుకంటే శాంపిల్ తీసే చోట బోరాన్ సరిగ్గానే ఉంటుంది.

అందుకే కొత్త ఇంధనం వేసే రీఫ్యూయలింగ్ సమయంలో శుద్ధ జలం లైన్ల వాల్వులకు తాళం వేస్తారు. పంపు స్టార్ట్ చేసే ముందు, అది ఆగి ఉన్న కాలంలో ఆ వలయంలోకి ఏ నీరు వెళ్లిందో లాగ్ చూసి నిర్ధారించుకోవాలి. న్యూట్రాన్ కౌంట్ రేటు మీద కన్నేసి ఉంచాలి: అది రెట్టింపైందంటే క్రిటికాలిటీకి ఉన్న దూరం దాదాపు సగమైనట్టే. అనుమానం వస్తే ముందు శుద్ధ జలం దారి మూసి, బోరిక్ ఆమ్లం ట్యాంకు నుంచి బోరాన్ ఎక్కించాలి, కారణం తర్వాత వెతకొచ్చు. 4 శాతం బోరిక్ ఆమ్లంలో సుమారు 7000 పీపీఎం బోరాన్ ఉంటుంది.

గుణకాన్ని నిజంగా ఎలా కొలుస్తారు?

కొత్త ఇంధనం వేశాక, పవర్ ఎక్కించక ముందు చేస్తారు. రియాక్టర్ 290 డిగ్రీల దగ్గర క్రిటికల్‌గా ఉండాలి, కానీ విచ్ఛిత్తి వేడి నీటిని వేడెక్కించనంత తక్కువ పవర్‌లో. కడ్డీలు దాదాపు పూర్తిగా పైన, జెనాన్ (విచ్ఛిత్తి వల్ల పేరుకుని న్యూట్రాన్లను మింగే వాయువు) లేకుండా, బోరాన్ నిలకడగా ఉండాలి. ఆవిరిని కొద్దిగా వదిలి నీటిని నెమ్మదిగా 3 డిగ్రీలు చల్లబరుస్తారు, తర్వాత ఆవిరి వాల్వు బిగించి పంపుల వేడితోనే తిరిగి ఎక్కనిస్తారు. రెండు దారుల్లోనూ ఉష్ణోగ్రతకు ఎదురుగా రియాక్టివిటీని గీస్తారు. ఆ గీత వాలే కావలసిన అంకె.

3 డిగ్రీలు దించితే +21 పీసీఎం వచ్చిందంటే వాలు డిగ్రీకి −7. ఇంధనం కూడా నీటితోపాటే చల్లబడింది కాబట్టి ఇందులో ఇంధనం వాటా, సుమారు −3, కలిసి ఉంది. అది తీసేస్తే మోడరేటర్ గుణకం −4.

తప్పు ఎక్కువగా బోరాన్ దగ్గర జరుగుతుంది. కొలిచే అరగంటలో బోరాన్ ఒక్క పీపీఎం జారినా 7 పీసీఎం తేడా, అంటే 3 డిగ్రీల కొలతలో డిగ్రీకి 2 కన్నా ఎక్కువ పొరపాటు. −4 ని కొలుస్తున్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. చల్లబరిచిన గీత, వేడిచేసిన గీత ఒకదానితో ఒకటి కలవకపోతే ఏదో జారుతున్నట్టే. ప్రెషరైజర్ (వలయంలో పీడనాన్ని నిలబెట్టే పాత్ర) లోని బోరాన్, వలయంలోని బోరాన్ ఒకటేనా అని ముందు చూడండి.

పీడనం మారినా రియాక్టివిటీ మారుతుందా?

మారుతుంది, పీడనం పెరిగితే సాంద్రత పెరుగుతుంది కాబట్టి. కానీ మరగని నీటిలో ఇది చాలా స్వల్పం. ఒక డిగ్రీ ఉష్ణోగ్రత చేసే పనికి కొన్ని బార్‌ల పీడనం కావాలి. మరిగే నీటి రియాక్టర్‌లో మాత్రం కథ పూర్తిగా వేరు.

మరిగే నీటి రియాక్టర్‌లో ఆవిరి బుడగలు ఏం చేస్తాయి?

పీడనం సుమారు 70 బార్, నీరు మరిగేది 285 డిగ్రీల దగ్గర. కోర్ పై భాగంలో ఘనపరిమాణంలో 70 శాతం దాకా ఆవిరే, మొత్తం సగటు 40 శాతం. ఆవిరి ఒక శాతం పెరిగితే రియాక్టివిటీ 100 పీసీఎం లేదా ఇంకా ఎక్కువ తగ్గుతుంది.

ఈ గుణాన్నే పవర్ మార్చడానికి వాడతారు. నీటిని కోర్ గుండా తిప్పే రీసర్క్యులేషన్ పంపుల వేగం పెంచితే బుడగలు పైకి ఊడ్చుకుపోతాయి, కోర్‌లో నీరు ఎక్కువవుతుంది, పవర్ పెరుగుతుంది. పెరిగిన పవర్ మళ్లీ బుడగలు పుట్టించి ఒకచోట నిలబడుతుంది. కడ్డీలు పడని అసాధారణ పరిస్థితిలో మొదటి చర్యల్లో ఒకటి ఈ పంపులు ఆపేయడం. చల్లబరిచే పంపును ఆపడమేమిటని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు గానీ, ప్రవాహం తగ్గగానే బుడగలు పెరిగి పవర్ వెంటనే పడుతుంది.

ప్రమాదం బుడగలు నలిగినప్పుడు. టర్బైన్ వాల్వు చటుక్కున మూసుకుంటే పీడనం పెరిగి బుడగలు కుంచించుకుపోతాయి. ఆవిరి ఆరేడు శాతం తగ్గితే చాలు, ఒక డాలర్ చేరినట్టే. అందుకే న్యూట్రాన్ పవర్ పెరిగేదాకా ఆగకుండా, వాల్వు మూసుకుంటున్న సంకేతంతోనే స్క్రామ్ (రియాక్టర్‌ను అత్యవసరంగా ఆపేయడం) ఇస్తారు. రియాక్టర్‌కు వచ్చే నీటిని ముందే వేడిచేసే ఫీడ్‌వాటర్ హీటర్ పోయి చల్లటి నీరు వచ్చినా ఇదే దిశలో, కాస్త నెమ్మదిగా జరుగుతుంది.

ఇంకొకటి అస్థిరత. నీరు కింద మరిగి బుడగ పైకి చేరడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది. ప్రవాహం తక్కువ, పవర్ ఎక్కువగా ఉన్న స్థితిలో ఈ ఆలస్యం వల్ల పవర్ ఊగిసలాడటం మొదలవుతుంది. 1988 మార్చి 9న అమెరికాలోని లాసాల్ రెండో యూనిట్‌లో పంపులు ఆగిపోయాక, ఫీడ్‌వాటర్ హీటింగ్ కూడా తగ్గిపోయి, సరిగ్గా ఇదే జరిగింది. ఊగిసలాట పెరిగి చివరికి ఆటోమేటిక్ స్క్రామ్ వచ్చింది. ఆ తర్వాత పవర్-ప్రవాహం పటంలో ఆ మూలను నిషిద్ధ ప్రాంతంగా గుర్తించడం ఆనవాయితీ అయింది.

భారజల రియాక్టర్‌లో కూలెంట్ పోతే పవర్ పెరుగుతుందంటారు, నిజమేనా?

నిజమే. పీడన గొట్టాల్లో 100 బార్‌ల పీడనంతో, 260 నుంచి 310 డిగ్రీల మధ్య ప్రవహించే భారజలం వేరు. చుట్టూ కలాండ్రియా అనే తొట్టిలో చల్లగా, 70 డిగ్రీల దగ్గర నిలిచి ఉండే మోడరేటర్ భారజలం వేరు. గొట్టం ఖాళీ అయినా వేగం తగ్గించే పని బయట యథావిధిగా సాగుతుంది.

పోయేదల్లా గొట్టంలోని ఇంధన కడ్డీల మధ్య జరిగే కాస్త మందగింపు. అది లేకపోతే వేగంగా ఉన్న న్యూట్రాన్లు రెజొనెన్సుల శక్తికి దిగకుండానే ఇంధన కడ్డీల కట్ట దాటి మోడరేటర్‌లోకి చేరతాయి. పక్క ఇంధన కడ్డీల్లో యురేనియం-238 ని వేగంగానే తాకి విచ్ఛిత్తి చేసేవి కొద్దిగా పెరుగుతాయి. అన్నీ కలిసి, కూలెంట్ మొత్తం పోతే పది మిల్లీ-కె స్థాయిలో రియాక్టివిటీ చేరుతుంది. అంటే డాలర్ కన్నా ఎక్కువ.

అయినా నడపగలగడానికి కారణాలున్నాయి. ఈ రియాక్టర్లలో న్యూట్రాన్ జీవితకాలం ఎక్కువ, కాబట్టి పవర్ ఎక్కే వేగం మామూలు నీటితో నడిచే తేలికనీటి రియాక్టర్ కన్నా తక్కువ. పెద్ద పైపు పగిలినా అన్ని గొట్టాలూ ఒకేసారి ఖాళీ కావు. అన్నిటికన్నా ముఖ్యం, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు షట్‌డౌన్ వ్యవస్థలు: ఒకటి పైనుంచి పడే కడ్డీలు, రెండోది మోడరేటర్‌లోకి గాడోలినియం నైట్రేట్ ద్రావణం చిమ్మడం లాంటిది. రెండూ సెకన్లలో పనిచేయాలి, ఏ ఒక్కటైనా ఒంటరిగా సరిపోవాలి.

కూలెంట్ భారజలం శుద్ధత కూడా చూసుకోవాలి. అందులో మామూలు నీరు కలిసేకొద్దీ అది మింగే పదార్థం అవుతుంది. అలాంటి కూలెంట్ పోయినప్పుడు చేరే రియాక్టివిటీ ఇంకా పెరుగుతుంది.

చెర్నోబిల్‌లో కూలెంట్ పాత్ర ఎంత?

చాలా పెద్దది. అక్కడున్న ఆర్‌బీఎంకే రకం సోవియట్ రియాక్టర్‌లో వేగం తగ్గించేది గ్రాఫైట్, చల్లబరిచేది గొట్టాల్లో మరిగే మామూలు నీరు. గ్రాఫైట్ ఉన్నచోటే ఉంటుంది కాబట్టి, నీరు అక్కడ ప్రధానంగా మింగే పదార్థం. అది ఆవిరైతే న్యూట్రాన్లు మిగిలిపోతాయి. ప్రమాదం నాటికి ఆ కోర్ వాయిడ్ గుణకం (నీటి స్థానంలో ఆవిరి వస్తే చేరే రియాక్టివిటీ) +4.5 డాలర్ల స్థాయిలో ఉంది.

1986 ఏప్రిల్ 26 రాత్రి పవర్ 200 మెగావాట్ల థర్మల్‌కు పడిపోయి ఉంది, పూర్తి సామర్థ్యం 3200. జెనాన్‌ను తట్టుకోవడానికి కడ్డీలు దాదాపు అన్నీ పైకి లాగేశారు. ఎనిమిది పంపులూ నడుస్తుండటంతో కోర్‌లోకి వచ్చే నీరు మరిగే స్థాయికి చాలా దగ్గరగా ఉంది. కొద్దిపాటి వేడికే ఆవిరి కాగల స్థితి. ఆ రాత్రి చేస్తున్న పరీక్షలో నాలుగు పంపులు నెమ్మదించాయి. 1:23:40 కి అత్యవసర బటన్ నొక్కినప్పుడు కడ్డీల కింది గ్రాఫైట్ భాగాలు గొట్టాల అడుగున ఉన్న నీటిని తోసేశాయి. మింగే నీరు పోయి వేగం తగ్గించే గ్రాఫైట్ వచ్చింది. ఆపాల్సిన బటన్ మొదటి సెకన్లలో కోర్ అడుగున రియాక్టివిటీ పెంచింది, మిగతాది ఆవిరి చేసింది.

తర్వాత మిగతా ఆర్‌బీఎంకేలలో ఇంధనంలో యురేనియం-235 పాళ్లను 2 నుంచి 2.4 శాతానికి పెంచారు, ఒక్కో రియాక్టర్‌లో 80 నుంచి 90 అదనపు శోషకాలు పెట్టారు, కడ్డీలను మార్చారు. దాంతో వాయిడ్ గుణకం +0.7 డాలర్ల దగ్గరికి దిగింది. నీటి కన్నా ఇతర శోషకాల వాటా పెంచడమే ఈ మరమ్మతులోని కిటుకు.

సోడియం ఫాస్ట్ రియాక్టర్లలో సంగతేమిటి?

ఇక్కడ న్యూట్రాన్ల వేగం తగ్గించాలని ఎవరికీ లేదు, అయినా సోడియం కొద్దిగా తగ్గిస్తూనే ఉంటుంది. సోడియం పోతే న్యూట్రాన్ల సగటు శక్తి పెరుగుతుంది. ఎక్కువ శక్తి దగ్గర ప్లుటోనియం మింగిన ప్రతి న్యూట్రాన్‌కూ ఇంకా ఎక్కువ న్యూట్రాన్లు ఇస్తుంది, యురేనియం-238 కూడా విచ్ఛిత్తి చెందడం పెరుగుతుంది. కోర్ మధ్యలో ఇదే గెలుస్తుంది, అక్కడ ప్రభావం ధనాత్మకం. అంచుల్లో సోడియం పోతే న్యూట్రాన్లు బయటికి పారిపోతాయి, అక్కడ రుణాత్మకం. చిన్న కోర్‌లో అంచులదే పైచేయి. పెద్ద ఆక్సైడ్ కోర్‌లలో మొత్తం కలిపి ఐదారు డాలర్లు కూడా కావచ్చు, పైగా ఇక్కడ డాలర్ చిన్నది.

డిజైనర్లు దీన్ని తగ్గించడానికి కోర్‌ను ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువగా చేస్తారు. రష్యా ఫాస్ట్ రియాక్టర్ బీఎన్-800 లో లాగా కోర్ పైన సోడియం నిండిన ఖాళీ ఉంచితే, అది మరిగినప్పుడు న్యూట్రాన్లు పైకి పారిపోతాయి. సోడియం మరిగేది 883 డిగ్రీల దగ్గర, పనిచేసే ఉష్ణోగ్రత 550 లోపే, కాబట్టి మార్జిన్ పెద్దది.

వాయిడ్ ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకూడదు కూడా. కూలెంట్ వేడెక్కితే ఇంధన కడ్డీలను పట్టి ఉంచే ఉక్కు వ్యాకోచిస్తుంది, కోర్ పరుచుకుంటుంది, న్యూట్రాన్లు పారిపోతాయి. 1986 ఏప్రిల్ 3న అమెరికాలోని ప్రయోగాత్మక ఫాస్ట్ రియాక్టర్ ఈబీఆర్-2 లో పూర్తి పవర్‌లో పంపులు ఆపి, స్క్రామ్ ఇవ్వకుండా చూశారు. పవర్ తనంతట తానే పడిపోయింది. అదే ఉక్కు తప్పు దిశలో వంగితే ఏమవుతుందో 1955లో ఈబీఆర్-1 చూపించింది: ఇంధన కడ్డీలు లోపలికి వంగి, రియాక్టివిటీ పెరిగి, కోర్ కొంత కరిగిపోయింది.

సీసం, హీలియం కూలెంట్లయితే?

సీసం 1749 డిగ్రీల దాకా మరగదు. ఉక్కు దానికన్నా ముందే కరుగుతుంది. కాబట్టి మరగడం వల్ల వాయిడ్ వస్తుందన్న చింత ఆచరణలో లేదు, గ్యాస్ బుడగలు చొరబడటమే చూసుకోవాలి. హీలియం న్యూట్రాన్లతో దాదాపు జోక్యం చేసుకోదు. అది పోయినా రియాక్టివిటీ కదలదు. హీలియంతో చల్లబరిచే గ్రాఫైట్ రియాక్టర్‌కు అసలు ఇబ్బంది ఆవిరి జనరేటర్ గొట్టం కారి నీరు లోపలికి రావడం. హైడ్రోజన్ చేరి మందగింపు పెరిగితే రియాక్టివిటీ ఎక్కుతుంది. నీరు ఎంత వస్తే ఎంత ఎక్కుతుందన్నది డిజైన్ దశలోనే తేల్చాలి.

డాప్లర్ ప్రభావం ఉంది కదా, కూలెంట్ గురించి ఇంత కంగారు దేనికి?

రెండింటి వేగం వేరు. ఇంధనం వేడెక్కగానే యురేనియం-238 రెజొనెన్సులు వెడల్పై న్యూట్రాన్లను ఎక్కువ మింగుతాయి; ఇదే డాప్లర్ ప్రభావం. డిగ్రీకి −2 నుంచి −4 పీసీఎం, ఆలస్యం లేకుండా. ఆ వేడి ఇంధన గుళిక దాటి నీటిని చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది. కాబట్టి వేగంగా వచ్చే కుదుపును డాప్లర్ ఆపుతుంది, ఆ తర్వాత పవర్ ఎక్కడ నిలవాలో కూలెంట్ తేలుస్తుంది. ఆవిరి కూడా ఆపగలదని 1953లో అమెరికాలో మరిగే నీటి రియాక్టర్ మీద చేసిన బోరాక్స్ ప్రయోగాలు చూపాయి. కానీ 1954 జులై 22న అదే రియాక్టర్‌లో కావాలనే రియాక్టివిటీ మరీ ఎక్కువగా చేర్చినప్పుడు, ఆవిరి ఆపేలోపే కోర్ పగిలిపోయింది.

కూలెంట్ మొత్తం పోతే తేలికనీటి రియాక్టర్ దానంతట అదే ఆగిపోతుందిగా, ఇక ప్రమాదమేముంది?

గొలుసు చర్య ఆగుతుంది, వేడి ఆగదు. ఆగిన క్షణంలో పూర్తి పవర్‌లో ఆరేడు శాతం, గంట తర్వాత ఒకటిన్నర శాతం దగ్గర, రోజు తర్వాత అర శాతం దగ్గర వేడి పుడుతూనే ఉంటుంది. చల్లబరచడానికి మళ్లీ నీరు పోయాలి. ఆ నీటిలో బోరాన్ లేకపోతే, కడ్డీలు ముందే కరిగి జారిపోయి ఇంధనం ఇంకా నిలబడి ఉన్న దశలో, మళ్లీ క్రిటికల్ అయ్యే అవకాశం ఉంటుంది. వీలైనంతవరకు బోరాన్ కలిపిన నీరే వాడాలి. అయితే బోరాన్ దొరకలేదని నీరు పోయడం ఆలస్యం చేయకూడదు. కోర్ ఎండిపోవడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

పవర్ పైనుంచి కిందికి జరిగిపోతోంది, కడ్డీలు కదల్లేదు. కూలెంట్ కారణం కావచ్చా?

కావచ్చు. కోర్ పై భాగంలో ఇంధన కడ్డీల మీద నికెల్, ఇనుము తుప్పు పేరుకుని, అక్కడ నీరు సన్నగా మరుగుతుంటే ఆ పొక్కులో బోరాన్ చిక్కుకుంటుంది. పై భాగం పవర్ తగ్గి కింది భాగానిది పెరుగుతుంది. పవర్ తగ్గిస్తే ఆ బోరాన్ కొంత కరిగి తిరిగి నీటిలోకి వచ్చేస్తుంది. షట్‌డౌన్ మార్జిన్ లెక్కలో ఇది కలపకపోతే లెక్క తప్పుతుంది. నివారణ నీటి రసాయనంలో ఉంది: లిథియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్‌ను సరైన స్థాయిలో ఉంచడం, తుప్పు మూలాన్ని తగ్గించడం.

ప్రకృతిలో ఇలాంటిది ఎక్కడైనా జరిగిందా?

జరిగింది. ఆఫ్రికాలోని గబాన్‌లో, ఓక్లో గనిలో, దాదాపు 200 కోట్ల ఏళ్ల కింద భూగర్భజలం చేరిన యురేనియం ఖనిజం తనంతట తానే క్రిటికల్ అయింది. ఇది 1972లో బయటపడింది. అక్కడ చిక్కుకున్న జెనాన్ ఐసోటోపుల విశ్లేషణ ప్రకారం అది అరగంట నడిచి, నీరు ఆవిరైపోగానే ఆగి, రెండున్నర గంటల తర్వాత నీరు ఊరాక మళ్లీ మొదలయ్యేది.

ఇంధనమే కూలెంట్‌లో కరిగి ఉంటే?

అది మోల్టెన్ సాల్ట్ రియాక్టర్. ఉప్పు వేడెక్కి వ్యాకోచిస్తే ఇంధనమే కోర్ నుంచి బయటికి పోతుంది కాబట్టి ఉష్ణోగ్రతా గుణకం సాధారణంగా బలంగా రుణాత్మకం. కొత్త చిక్కు ఒకటుంది. ఆలస్యపు న్యూట్రాన్లను ఇచ్చే కేంద్రకాలు ఉప్పుతోపాటు పైపుల్లోకి వెళ్లి, కోర్ బయట క్షయమవుతాయి. ఆ న్యూట్రాన్లు వృథా. 1965 నుంచి 1969 దాకా అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో నడిచిన ప్రయోగ రియాక్టర్‌లో యురేనియం-235 ఇంధనంతో ఈ నష్టం సుమారు 212 పీసీఎం అని కొలిచారు. పంపు ఆగితే ఆ కేంద్రకాలు కోర్‌లోనే ఉండిపోతాయి, ఆ 212 తిరిగొస్తుంది. అందుకే ఇలాంటి రియాక్టర్‌లో పంపు ఆగడాన్ని వేడి సమస్యగానే కాక రియాక్టివిటీ చేరికగా కూడా విశ్లేషించాలి, పంపు నడుస్తున్నప్పుడూ ఆగినప్పుడూ డాలర్ విలువను విడివిడిగా లెక్కించాలి.